రేకుల కప్పుకి కొలత ఎక్కడ తియ్యాలి: నేల మీదా, వాలు మీదా?

చూరునీళ్లు:
అమలాపురం దగ్గర మా ఊళ్లో నాన్నగారి పెంకుటిల్లు ఉంది. గోడలు ఇటుకవే కానీ అడుసుతో కట్టినవి. వాసాలు పుచ్చిపోయాయి, కోతులు పెంకుల్ని బతకనివ్వడం లేదు. అన్నీ దించేసి ఇనుప ట్రస్ మీద రంగు రేకులు వేయిద్దామనుకున్నాం. ఇల్లు 30×24 అడుగులు, నాలుగు వైపులా 2 అడుగుల చూరు. చూరు మట్టం నుంచి కొప్పు 7 అడుగుల ఎత్తు. ఒక మేస్త్రి 952 చదరపు అడుగులు, అడుగు 210 చొప్పున 1,99,920 రూపాయలన్నారు. ఇంకో షెడ్డు ఆయన 1,232 అడుగులు, 175 చొప్పున 2,15,600 అన్నారు. రెండూ సామాను, కూలీ కలిపే. ఒక్క ఇంటికి 280 అడుగుల తేడా ఎలా వస్తుందండీ?

వెల్డింగ్ బాబాయ్:
రెండో ఆయన లెక్క నేను చెప్తాను, నాదీ అదే పని. రేకు వెడల్పు మూడున్నర అడుగులు. పక్క రేకు మీదకి ఎక్కించాక కప్పేది మీటరే. మీ కప్పు పొడవు చూరుతో కలిపి 34 అడుగులు, అంటే 10.36 మీటర్లు. 10 రేకులు చాలవు, 11 కావాలి. రెండు వాలులకీ 22, ఒక్కోటి 16 అడుగుల పొడవు. 22×16×3.5 = 1,232. షాపులో మేం డబ్బు కట్టేది దానికే. 952 అన్నాయన 34×28 అని నేల మీద కొలిచాడు. మిగతాది 210 రేటులో కూర్చుని ఉంది, ఎక్కడికీ పోలేదు.

రిటైర్డ్ ఏఈ:
ప్రభుత్వ పనుల్లో ఈ రెండు కొలతలూ చెల్లవు. పరిచిన కప్పుని వాలు వెంట కొలుస్తాం. ఎక్కింపులకి విడిగా ఇవ్వం, రేకు మడతల్లోకి టేపు దింపం. అడ్డం 14, ఎత్తు 7 అయితే వాలు 15.65 అడుగులు. దాన్ని 34తో, మళ్లీ రెండుతో గుణిస్తే 1,064. కొలత అంటే అదీ.

వెల్డింగ్ బాబాయ్:
సార్, మీ రేటులో ఎక్కింపూ తరుగూ ముందే కలిపి ఉంటాయి. మాకు ఎవరు కలుపుతారు?

రిటైర్డ్ ఏఈ:
మీరే కలుపుకోండి, రేటు పెంచి చెప్పండి. కొలత పెంచితే ఇంటాయనకి తన ఇల్లే కొత్తగా కనిపిస్తుంది.

మేడ మీద మంచం:
ఈ తలనొప్పి ఎందుకు, స్లాబ్ వేసెయ్యండి. రేపు పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చు.

వెల్డింగ్ బాబాయ్:
అయిదంగుళాల స్లాబ్ చదరపు అడుగుకి దాదాపు 30 కిలోలు. 952 అడుగులకి 28 టన్నులు. అడుసు గోడల మీద పెడతారా బాబూ? రేకు అయితే అడుగుకి అర కిలో కూడా రాదు.

గోదారి గాలి:
అర కిలో అనే నా భయం. 1996 నవంబరు తుఫానుకి మా వీధిలో రేకులు పక్క చేలో పడ్డాయి. రేటు మాట తరువాత, ట్రస్‌ని గోడకి ఎలా బిగిస్తారో, స్క్రూలు ఎంత దగ్గరగా వేస్తారో ఇద్దర్నీ అడగండి. చూరు కూడా తగ్గించండి, గాలి కింద నుంచే లేపుతుంది.

చూరునీళ్లు:
చూరు తగ్గిస్తే జడివానకి అడుసు గోడ నానిపోతుంది కదండీ.

రిటైర్డ్ ఏఈ:
నీళ్లు జారే రెండు వైపులా 2 అడుగులు ఉంచండి. త్రికోణం గోడల వైపు మాత్రం చెరో అర అడుగు తగ్గించండి. పొడవు 33 అవుతుంది.

వెల్డింగ్ బాబాయ్:
అప్పుడు 10 రేకులు సరిపోతాయి! చివరి రేకు మీద ఇంకోటి ఎక్కదు కాబట్టి అది మూడున్నర అడుగులూ కప్పుతుంది. అంగుళం కూడా మిగలదు కానీ పడుతుంది. మొత్తం 20 రేకులు, 1,120 అడుగులు.

గోదారి గాలి:
నేనైతే అడుగు తగ్గిస్తాను. మీ ఇష్టం.

చూరునీళ్లు:
ఇద్దరికీ ఫోన్ చేశాను. షెడ్డు ఆయన 1,120 లెక్కన 1,96,000కి దిగారు. సంబరపడి మేస్త్రిగారికి చెబితే, ఆయన 33×28 వేసి 924 అడుగులు, 1,94,040 అన్నారు. ఇంత చర్చా చేస్తే తేడా 1,960! అప్పుడు గుర్తొచ్చి, పైన రెండు వాలులూ కలిసే చోట వేసే కొప్పు రేకు సంగతి అడిగాను. షెడ్డు ఆయన తన లెక్కలో ఉందన్నారు. మేస్త్రిగారు, "అది విడిగా అండీ, 33 అడుగులూ" అన్నారు.