లైన్ సేల్స్‌మెన్ యాప్‌కు ఫ్లట్టరా, నేటివా? 9 వారాల టైమ్, ఇద్దరమే ఉండేది

అనంత_డెవ్

అన్నలూ, రెండు రోజుల్నుంచి నాకూ మా పార్ట్‌నర్‌కూ ఇదే పంచాయితీ. అనంతపురంలో నూనె, బియ్యం హోల్‌సేల్ షాపు ఒకటి, 14 మంది లైన్ సేల్స్‌మెన్, తాడిపత్రి, గుత్తి, ఉరవకొండ, కళ్యాణదుర్గం రూట్లు. పొద్దున్నే బండి మీద పోయి కిరాణా షాపుల్లో ఆర్డర్ రాసుకోవాల, పాత బాకీ వసూలు చేయాల, అక్కడికక్కడే చిన్న బ్లూటూత్ ప్రింటర్‌లో బిల్లు తీసియ్యాల. ఇప్పుడైతే బుక్కులో రాసుకొని సాయంత్రం షాపుకొచ్చి కంప్యూటర్‌లో ఎక్కిస్తాండారు. నేను ఫ్లట్టర్ అంటాండా. ఒకే కోడ్, ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ వస్తాది, స్క్రీన్లు చూస్తే అన్నీ లిస్టులూ ఫారాలే, దీంట్లో నేటివ్ (ఒక్కో రకం ఫోన్‌కు విడిగా రాసేది) చేసి కొత్తగా సాధించేదేముంది? మా పార్ట్‌నర్ కాట్లిన్ (ఆండ్రాయిడ్‌కు నేటివ్ యాప్ రాసే భాష) అని పట్టు పట్టినాడు. ఫ్లట్టర్ వద్దు అనేవాళ్ళు కారణం చెప్పండి, స్లో అని మాత్రం చెప్పొద్దండి, ఆర్డర్ ఫారానికి ఆ తేడా ఎవరికీ కనపడదు.

కడప_కాట్లిన్

స్లో అని నేనూ చెప్పను తమ్ముడూ. ఒకటే అడుగుతా, ఆ ఐఫోన్ ఎవరి చేతిలో ఉంది? 14 మంది సేల్స్‌మెన్‌లో ఒక్కరి దగ్గరన్నా ఉందా?

అనంత_డెవ్

సేల్స్‌మెన్ దగ్గర లేదన్నా, అందరివీ రెడ్‌మీ, వివో, 3 జీబీ 4 జీబీ ఫోన్లు. ఓనర్‌దీ ఇద్దరు కొడుకులదీ ఐఫోన్లు.

కడప_కాట్లిన్

అదిగో. ఓనర్‌కు ఏం కావాల? ఈ రోజు ఎంత అమ్మినారు, ఎంత వసూలైంది, ఎవరి బాకీ ఎక్కువైంది. అది ఒక వెబ్ పేజీ, ఐఫోన్ బ్రౌజర్‌లో చూసుకుంటాడు. అంటే రెండు ప్లాట్‌ఫామ్‌లు అనే మాటే నీ కేసులో లేదు, ఒకటే ప్లాట్‌ఫామ్ ఉండాది. ముగ్గురి కోసం ఆపిల్‌కు ఏడాదికి 99 డాలర్లు కట్టి, మ్యాక్ ఒకటి పెట్టుకొని, ప్రతి వెర్షన్ రెండుసార్లు పరీక్ష చేసుకుంటూ కూర్చుంటావా? కోడ్ ఒకటే అయినా టెస్టింగ్ ఒకటి కాదు కదా. క్రాస్ ప్లాట్‌ఫామ్, అంటే రెండిటికీ ఒకే కోడ్, దాంట్లో పొదుపు ఎప్పుడొస్తాదంటే రెండు వైపులా నిజమైన వాడకందార్లు ఉన్నప్పుడే. హైదరాబాద్ బెంగళూరులో కస్టమర్ యాప్ చేసేవాళ్ళకు ఆ లెక్క సరిపోతాది, మన లైన్ బండ్లకు సరిపోదు.

తాడిపత్రి_టెస్టర్

ఐఫోన్ సంగతి ఒప్పుకుంటా, కానీ దాని కోసమే ఫ్లట్టర్ తీసుకుంటారనేది నేను ఒప్పుకోను. చేసేది ఇద్దరు, 9 వారాలు, వాళ్ళకు వచ్చింది డార్ట్ (ఫ్లట్టర్ రాసే భాష) అయితే దాంట్లోనే చేయాల, కాట్లిన్ నేర్చుకుంటా కంపోజ్ (కాట్లిన్‌లో స్క్రీన్లు చేసే పద్ధతి) నేర్చుకుంటా అంటే ఆరు వారాలు దానికే పోతాయి. ఇంకోటి, నేటివ్ అంటే ఏదో శాశ్వతం అన్నట్టు మాట్లాడతారు. నేను చూస్తాండగానే జావా పోయి కాట్లిన్ వచ్చింది, 2019లో గూగుల్ కాట్లిన్‌కే మొదటి చోటు అనింది, 2021లో కంపోజ్ 1.0 వచ్చినాక అంతకుముందు ఎక్స్‌ఎంఎల్‌లో రాసిన స్క్రీన్లు పాతబడినాయి. నేటివ్ తీసుకున్నోళ్ళు కూడా తిరగరాసుకుంటూనే ఉన్నారు.

కడప_కాట్లిన్

తిరగరాసుకోవడం వేరు, దిక్కులేకుండా పోవడం వేరు. పాత జావా యాప్ ఈ రోజుకూ బిల్డ్ అవుతాది. జామరిన్ అని ఇట్లాంటి ఒకే కోడ్ పద్ధతే, దాంట్లో చేసుకున్నోళ్ళకు 2024 మే 1తో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది, దాని బదులు వచ్చిన మావీకి మారండి అనింది. ఎయిర్‌బీఎన్‌బీ 2018లో రియాక్ట్ నేటివ్ (పేరులో నేటివ్ ఉన్నా అదీ ఒకే కోడ్ పద్ధతే) వదిలేసి నేటివ్‌కు పోయింది. అంత పెద్ద కంపెనీకే మోయడం కష్టమైంది.

అనంత_డెవ్

ఎయిర్‌బీఎన్‌బీ ఉదాహరణ మాకు అతకదన్నా. వాళ్ళకు అప్పటికే పెద్ద నేటివ్ యాప్, పెద్ద నేటివ్ టీమ్ ఉండె, దాంట్లోకి రియాక్ట్ నేటివ్ దూర్చి రెండిటినీ కలిపి నడపడంలో ఇబ్బంది పడినారు. మేము ఖాళీ ఫోల్డర్‌తో మొదలుపెడతాండాం. అదే మాట గూగుల్ పే గురించి చెప్పొచ్చు, దాన్ని ఫ్లట్టర్‌లో తిరగరాసినారు, దేశమంతా వాడింది. పెద్ద కంపెనీల కథలు ఎటైనా లాగొచ్చు, మన లెక్క మనం చూసుకోవాల. జామరిన్ మాట మాత్రం నిజమే, ఆ భయం నాకూ ఉంది.

ఆదోని_విత్తనాలు

మీ అంత టెక్నికల్‌గా నాకు రాదు, ఆదోనిలో విత్తనాలు, ఎరువుల షాపు నాది, యాప్ చేయించుకున్నోన్ని కాబట్టి చెప్తాండా. బయటి వాళ్ళ దగ్గర ఒకటి చేయించుకున్నా, రెండు ఫోన్లకూ ఒకటే కోడ్ సార్, సగం ఖర్చు అన్నారు, పేరు ఎందుకులే. ఏడాదిన్నర బాగా నడిచింది. 2022 ఆఖర్లో ప్లే స్టోర్ వాళ్ళు అడిగినారంట, ఏదో అప్‌డేట్ పెట్టినారు, ఆ రోజు నుంచి ప్రింటర్ దొరకదు. సీజన్ టైమ్, రైతులు షాపు ముందర నిలబడినారు, మా పిల్లోళ్ళు చేత్తో బిల్లులు రాసినారు. ఫోన్ చేస్తే మా తప్పు కాదు సార్, ప్రింటర్ ప్లగిన్, అంటే ఎవరో బయటాయన రాసిన కోడ్ ముక్కంట, అది చేసినాయన అప్‌డేట్ ఇయ్యలేదు అంటారు. ఆ ప్లగిన్ చేసినాయన ఎవరో నాకేం తెలుసు? నేను డబ్బులిచ్చింది వీళ్ళకు కదా. రెండు నెలలు అట్లే నడిచి ఆఖరికి యాప్ తీసి పక్కన పెట్టినా.

కడప_కాట్లిన్

అన్నా, మీకు జరిగింది ఏందంటే, ఆండ్రాయిడ్ 12 నుంచి బ్లూటూత్‌కు కనెక్ట్ అయ్యేదానికి యాప్ విడిగా పర్మిషన్ అడగాల. ప్లే స్టోర్ టార్గెట్ (యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ రూల్స్‌కు చేసిందో అది) పెంచమని అడిగితే వాళ్ళు పెంచినారు, పాత ప్లగిన్‌లో ఆ పర్మిషన్ అడిగే కోడ్ లేదు. నేటివ్‌లో అయితే మన ఫైల్ తెరిచి పది లైన్లు రాస్తే సరిపోతాది. నేను అనేది ఇదే, మధ్యలో ఇంకొకరి చేతిలో తాళం ఉండకూడదు. మొన్న కూడా అంతే, 2025 నవంబర్ 1 నుంచి ఆండ్రాయిడ్ 15కు టార్గెట్ చేసే యాప్‌లు 16 కేబీ పేజీ సైజ్‌తో (ఫోన్ మెమరీని పంచే ముక్క సైజు) పని చేయాల అనింది ప్లే స్టోర్, సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలు ఉన్న పాత ప్లగిన్లు వాడినోళ్ళంతా ఎవరు అప్‌డేట్ ఇస్తారా అని చూసుకుంటా కూర్చున్నారు.

తాడిపత్రి_టెస్టర్

ఆ పది లైన్లు ఫ్లట్టర్‌లోనూ రాయొచ్చు కదన్నా, ప్లగిన్ సోర్స్ దించుకొని మనమే సరిచేసుకోవచ్చు, లేదంటే మెథడ్ చానెల్ (ఫ్లట్టర్ నుంచి కాట్లిన్ కోడ్‌ను పిలిచే దారి) పెట్టి కాట్లిన్ ముక్క మనమే రాసుకోవచ్చు. ఆదోని అన్నకు అన్యాయం చేసింది ఫ్లట్టర్ కాదు, కాట్లిన్ రాని మనుషులు. ఫ్లట్టర్ వస్తే నేటివ్ రానక్కరలేదు అని క్లయింట్‌కు చెప్పేవాళ్ళతోనే వస్తాండాది ఇదంతా. ప్రింటర్, లొకేషన్, కెమెరా ఏది ముట్టుకున్నా కింద ఉండేది ఆండ్రాయిడే, అది రావాల్సిందే. లొకేషన్ చూడండి, స్క్రీన్ ఆపినాక కూడా సేల్స్‌మన్ ఎక్కడున్నాడో తెలియాలంటే నోటిఫికేషన్‌తో ఫోర్‌గ్రౌండ్ సర్వీస్ (స్క్రీన్ ఆపినా యాప్ పని ఆగకుండా చూసేది) పెట్టాల, రెడ్‌మీలో ఆటోస్టార్ట్ ఆన్ చేయాల, ఇది కాట్లిన్‌లో చేసినా తప్పదు.

తెలుగు బిల్లు గురించి ఎవరూ అడగలేదు. ఆ చిన్న ప్రింటర్లలో తెలుగు అక్షరాలు ఉండవు, తెలుగులో పంపిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. బిల్లు మొత్తం బొమ్మగా గీసి చుక్కలుగా పంపాల, 58 ఎంఎం ప్రింటర్ అయితే అడ్డం 384 చుక్కలు. బొమ్మ గీయడం ఫ్లట్టర్‌లోనూ కాట్లిన్‌లోనూ అవుతాది, ఒత్తులు రెండిట్లోనూ సరిగానే వస్తాయి. పంపేటప్పుడే తంటా, చవక ప్రింటర్‌కు వేగంగా పంపితే సగం బిల్లు కొట్టి ఆగిపోతాది.

అనంత_డెవ్

తెలుగు బిల్లు ఓనర్ కచ్చితంగా కావాలన్నాడు, కిరాణా షాపుల్లో పెద్దవాళ్ళు ఇంగ్లీషు బిల్లు చదవలేక గొడవ పడతారంట. సరే, ఇట్ల చేస్తాం. ఐఫోన్ యాప్ తీసేస్తాండాం, కడప అన్న చెప్పింది రైట్, ఓనర్‌కు వెబ్ పేజీ చాలు. మొదటి వారం స్క్రీన్లు ముట్టుకోం, ప్రింటర్, తెలుగు బిల్లు, నెట్ లేకుండా ఆర్డర్ సేవ్ అవడం, ఈ మూడే, సేల్స్‌మెన్ దగ్గరున్న అన్నిటికన్నా పాత వివో మీద. అది ఫ్లట్టర్‌లో నిలబడితే ఫ్లట్టర్, లేదంటే మా పార్ట్‌నర్ మాటే.

ఆదోని_విత్తనాలు

ఒక్కటి మర్చిపోవద్దు నాయనా. సోర్స్ కోడ్, సైనింగ్ కీ (యాప్ అప్‌డేట్‌కు కావాల్సిన డిజిటల్ సంతకం), ప్లే స్టోర్ ఖాతా ఓనర్ పేరు మీద పెట్టి మొదటి రోజే ఇచ్చేయండి. నాకు అవి ఇయ్యలేదు, ఇచ్చుంటే ఇంకొకరితో అయినా బాగు చేయించుకునేవాన్ని.

అనంత_డెవ్ (8 రోజుల తర్వాత)

ఆదోని అన్నా, ఖాతా ఓనర్ పేరు మీదే తెరిపించినాం. ప్రింటర్ సంగతి, ప్లగిన్‌తో మొదటి బిల్లు బాగా వచ్చింది, రెండో బిల్లుకు కనెక్షన్ తెగింది, మూడు రోజులు అదే. ఆఖరికి ప్లగిన్ తీసేసి మా పార్ట్‌నర్ కాట్లిన్‌లో 140 లైన్లు రాసినాడు, ముక్కలు ముక్కలుగా పంపి మధ్యలో కొంచెం ఆగేట్టు. నిన్న గుత్తి రూట్‌లో 31 బిల్లులు, ఒకటీ ఆగలేదు. మిగతా అంతా ఫ్లట్టర్‌లోనే, స్క్రీన్లు మొదలుపెట్టినాం.

కడప_కాట్లిన్

బాగుంది తమ్ముడూ, సంతోషం. నా మాట మాత్రం అక్కడే ఉండాది, ఐఫోన్ లేని యాప్‌కు, కష్టమైన ముక్క కాట్లిన్‌లోనే రాసినాక, మిగిలింది కూడా అందులోనే రాసుంటే రేపు చూసుకోవాల్సిన చోటు ఒకటే ఉండేది. ఆ 140 లైన్లు ఇక్కడ పెట్టు, చాలామందికి పనికొస్తాది.