టిల్ట్ ట్రైలర్: మొత్తం వాలేదా, సగం వాలేదా? చిన్న ట్రాక్టరు, రోటవేటరు తీసుకెళ్లాలి

ప్రశ్న
నమస్తే అండీ. నా దగ్గర 25 హార్స్‌పవర్ చిన్న ట్రాక్టరు ఉంది. ముందు లోడరు, బకెట్టు, వెనక రోటవేటరు. అప్పుడప్పుడూ కల్టివేటరు కూడా పట్టుకెళ్లాలి. ఇన్నాళ్లూ మామూలు ట్రైలర్‌కి రెండు ర్యాంపు పలకలు వేసి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎక్కిస్తున్నాను. పోయినసారి ఒక పలక జారి పక్కకి పోయింది. ముందు చక్రాలు అప్పటికే డెక్ (బరువు పెట్టే ట్రైలర్ తట్టు) మీదకి చేరాయి కాబట్టి బతికిపోయాను.

ఇక టిల్ట్ ట్రైలరే కొనాలని నిశ్చయించుకున్నా. చూసినవాటిలో మూడు రకాలున్నాయి: డెక్ మొత్తం వాలేది, ముందు కొంత భాగం కదలకుండా వెనక భాగమే వాలేది, బ్యాటరీ మోటారుతో లేచి దిగేది. ఏది తీసుకోమంటారు? ట్రాక్టరు బరువు కంపెనీ పుస్తకంలో 1,050 కిలోలని ఉంది. నా పికప్ 3,500 కిలోల దాకా లాగుతుందని రాసి ఉంది, కాబట్టి బరువు విషయంలో టెన్షన్ లేదనుకుంటున్నా.

ట్రైలర్ తోలే పెద్దాయన
తమ్ముడూ, రకం సంగతి తర్వాత చూద్దాం, టెన్షన్ లేదన్న దగ్గరే నాకు టెన్షన్ మొదలైంది. పుస్తకంలో రాసే 1,050 కిలోలు ఒట్టి ట్రాక్టరుది. లోడరు, బకెట్టు కలిపి ఎంత? వెనక టైర్లలో నీళ్లు నింపావా? రోటవేటరు ప్లేటు మీద ఎంత ఉంది? అవన్నీ రాసి పంపు.

అడిగినవారు
చూసి రాస్తున్నా అన్నా. లోడరు బకెట్టుతో 380. రోటవేటరు 320. కల్టివేటరు 200. వెనక టైర్లలో ఒక్కోదానిలో సుమారు 80 లీటర్ల నీళ్లున్నాయి. ట్యాంకు నిండా డీజిల్ పోస్తే 30 లీటర్లు.

ట్రైలర్ తోలే పెద్దాయన
లీటరు నీళ్లంటే కిలో, కాబట్టి టైర్లలో 160. డీజిల్ నీళ్లకన్నా తేలిక, 30 లీటర్లు 25 కిలోలు వేసుకో. గొలుసులు, బిగింపులు, జాకీ, స్పేరు చక్రం కలిపి 65. మొత్తం కూడితే 2,200. నువ్వు అనుకున్నదానికి రెట్టింపు కన్నా ఎక్కువే.

ఇప్పుడు ట్రైలర్. రెండు ఇరుసులు, ఒక్కోటి 1,600 కిలోలు మోసేవైతే మొత్తం 3,200 అవుతుంది. అందులో ట్రైలర్ సొంత బరువు వెయ్యి పోతే నీకు మిగిలేది సరిగ్గా 2,200. కాగితం మీద సరిపోయింది కదా అని కొనకు. బురద అంటుకున్న రోటవేటరు ఎంత తూగుతుందో నీకే తెలుసు. ఒక్కో ఇరుసు 2,300 పైన మోసేది చూడు. కాకపోతే అది ఖాళీగానే 1,250 దాకా ఉంటుంది. 2,200కి 1,250 కలిపితే 3,450. నీ బండి హద్దు 3,500. మధ్యలో మిగిలింది 50 కిలోలు! అదీ నువ్వొక్కడివే బండిలో ఉన్నప్పటి లెక్క అయ్యుండొచ్చు. పక్కన ఇద్దరు కూర్చుని, వెనక సామాను వేస్తే బండి, ట్రైలర్ కలిపిన మొత్తం బరువుకి ఇంకో హద్దు ఉంటుంది, అది కూడా బండి పుస్తకంలో చూడు. హిచ్ (ట్రైలర్‌ని బండికి తగిలించే చోటు) మీద పడే బరువుకి ఎంత హద్దు రాశారో అదీ చెప్పు.

అడిగినవారు
హిచ్ మీద 350 అని ఉంది అన్నా. ఇది దేనికి?

ట్రైలర్ తోలే పెద్దాయన
అసలు కథ అక్కడే ఉంది. ట్రైలర్ మొత్తం బరువులో కనీసం పదో వంతు ముందుకు, అంటే హిచ్ మీదకి రావాలి. పది నుంచి పదిహేను శాతం మధ్య ఉంటే నిలకడగా వస్తుంది. పది కన్నా తగ్గితే వేగం మీద ట్రైలర్ పాములా ఊగడం మొదలుపెడుతుంది, ఆ ఊపు ఒకసారి పట్టుకుందంటే బండినే ఈడ్చుకుపోతుంది. మరీ ఎక్కువైతే పికప్ వెనక కుంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగు గాల్లో తిప్పినట్టుంటుంది.

నీ లెక్కలో 3,450కి పది శాతం 345. హద్దు 350. అంటే అయిదు కిలోల సందు! ఎవడికీ సాధ్యం కాదు. కల్టివేటరు ఇంట్లో వదిలేస్తే మొత్తం 3,250, పది శాతం 325. అప్పుడు 25 కిలోల సందు దొరుకుతుంది. ట్రైలర్ ఇరుసుల మధ్య నుంచి హిచ్ దాకా 5 మీటర్లు అనుకో. 1,935 కిలోల ట్రాక్టరుని (లోడరు, రోటవేటరు, నీళ్లు, డీజిల్ అన్నీ కలిపి) 10 సెంటీమీటర్లు ముందుకి జరిపితే హిచ్ మీద దాదాపు 39 కిలోలు పెరుగుతుంది. అంటే నీకున్న సందు ఆరేడు సెంటీమీటర్లు. నీళ్లు కూడా తీసేస్తే పదకొండు దాకా వస్తుంది, కానీ రోటవేటరు విప్పి లోడరుతో పనిచేసే రోజున వెనక ఆ బరువు లేక ఇబ్బంది పడతావు. నేనైతే నీళ్లు ఉంచేసి, కల్టివేటరుని రెండో ట్రిప్పులో తెస్తా.

వెల్డింగ్ షెడ్డు నడిపే వ్యక్తి
అన్న చెప్పిన లెక్క బాగుంది. రకం సంగతి నేను చెప్తా, ఇవి రోజూ నా దగ్గరికి రిపేరుకి వస్తుంటాయి.

మొత్తం వాలే డెక్ ఏతం లాంటిది. ఇరుసుల దగ్గర కీలు ఉంటుంది. ముందు గడియ తీస్తే తోక నేలకి ఆనుతుంది. ట్రాక్టరు ఎక్కుతూ ఎక్కుతూ దాని బరువు కీలు దాటగానే డెక్ ముందుకి వాలి కూర్చుంటుంది. కింద డ్యాంపర్ సిలిండరు ఉన్నదైతే మెల్లగా దిగుతుంది. లేనిదైతే దబ్బున పడుతుంది, మొదటిసారి సీట్లో ఉన్నవాడికి నడుం గుర్తుండిపోతుంది. సిలిండరు లేనిదాన్ని ఎంత చవగ్గా ఇచ్చినా వద్దనే చెప్తాను.

దీనితో చిక్కు ఏంటంటే, కల్టివేటరుని ముందుగా డెక్ ముందు భాగంలో పెట్టారనుకోండి, ఆ బరువుకి తోక దిగదు. ట్రాక్టరు ఎక్కించాక పెడదామంటే దాన్ని ఎత్తేది ఎవరు? ఎత్తాల్సిన లోడరు ట్రైలర్ మీద ఉంటుంది కదా! చాలామంది కొన్నాక గానీ ఇది గమనించరు.

సగం వాలే రకంలో ముందు నాలుగు అడుగులు కదలదు, వెనక పదహారు అడుగులు వాలుతుంది. కల్టివేటరు, డబ్బాలు, గొలుసుల పెట్టె ముందు పెట్టి కట్టేసి, తర్వాత ట్రాక్టరు ఎక్కించవచ్చు. మీకు నప్పేది ఇదే. కానీ ముందు డెక్ ఉంది కదా అని నింపేయకండి. ఇరుసులకి మూడు మీటర్లు ముందు పెట్టిన 200 కిలోల్లో 120 దాకా హిచ్ మీదకే పోతుంది. మీ 350 హద్దులో మూడో వంతు అక్కడే ఖర్చయిపోతుంది.

బ్యాటరీ మోటారు రకం చెడిపోయిన బండ్లని వించ్‌తో లాగి ఎక్కించే వాళ్లకి బంగారం. నడిచే ట్రాక్టరుకి దాని అవసరం తక్కువ. బ్యాటరీ చచ్చినప్పుడు చేత్తో కొట్టే పంపు కూడా ఉందో లేదో చూసుకోండి, లేకపోతే పొలంలో చిక్కుకుంటారు.

కొనేముందు టేపుతో కొలవండి: బకెట్టు కొస నుంచి రోటవేటరు చివరి దాకా, రోటవేటరు వెడల్పు కూడా. చక్రాల మధ్య డెక్ ఉన్న ట్రైలర్‌లో మడ్‌గార్డుల మధ్య ఖాళీయే మీ అసలు వెడల్పు.

అడిగినవారు
కొలిచాను. పొడవు 4.6 మీటర్లు, పదహారు అడుగుల్లో పడుతుంది. ఒక అనుమానం: ర్యాంపుల కన్నా టిల్ట్ నిజంగా అంత తేడా చూపిస్తుందా, లేక ఊరికే మోజా?

వెల్డింగ్ షెడ్డు నడిపే వ్యక్తి
60 సెంటీమీటర్ల ఎత్తు డెక్‌కి ఒకటిన్నర మీటర్ల పలకలు వేస్తే ఎక్కుడు 24 డిగ్రీల దగ్గర ఉంటుంది. అదే ఎత్తులో కీలు, దాని నుంచి తోక 2.4 మీటర్లు ఉంటే 14, 15 డిగ్రీలు. తోకవైపు నేల కొంచెం మెరకగా ఉండేలా నిలిపితే ఇంకా తగ్గుతుంది. తోక కింద గుంట ఉంటే మాత్రం అంచు గాల్లో ఉండి, చక్రం తగలగానే ఎగిరినట్టవుతుంది.

ట్రైలర్ తోలే పెద్దాయన
డిగ్రీలు ఒక ఎత్తు, ఇంకోటి ఇంకో ఎత్తు. ర్యాంపుల ట్రైలర్‌లో ట్రాక్టరు తోక మీదకి రాగానే ముందు హిచ్ పైకి లేస్తుంది, దాంతో పికప్ వెనక చక్రాలు తేలిపోతాయి. హ్యాండ్‌బ్రేకు పట్టేది ఆ వెనక చక్రాలనే! నాకోసారి గులకరాళ్ల నేల మీద బండి, ట్రైలర్, సగం ఎక్కిన ట్రాక్టరు అన్నీ కలిసి ఒక బారెడు ముందుకి జారాయి. తోక కింద ఆనింపు పెట్టడం నేనే మర్చిపోయా. టిల్ట్‌లో తోకే నేల మీద ఆనుకుని ఉంటుంది కాబట్టి ఆ బాధ చాలావరకు తప్పుతుంది. అయినా హిచ్ తగిలించకుండా, పికప్ చక్రాలకి అడ్డు పెట్టకుండా ఎక్కించొద్దు.

ఎక్కించేటప్పుడు తక్కువ గేరు, ఫోర్‌వీల్ వేసి, బకెట్టు డెక్‌కి తగలనంత ఎత్తులో మాత్రమే ఉంచి, సీటు బెల్టు పెట్టుకో. రోటవేటరు తిరగకుండా పీటీవో (ఇంజను శక్తిని రోటవేటరుకి అందించే షాఫ్టు) ఆపెయ్. లోడరు విప్పేసిన రోజున మాత్రం రోటవేటరు బరువుకి ముందు చక్రాలు లేచే ప్రమాదముంది, అప్పుడు వెనక్కి రివర్సులో ఎక్కించు. బరువు వైపు ఎప్పుడూ పైకి ఉండాలి. చెక్క డెక్ తడిస్తే సబ్బులా ఉంటుంది, చక్రాల దారిలో ఇనుప జాలీ కొట్టించు.

కొత్తగా చేరిన మరొకరు
కట్టడం గురించి ఎవరూ చెప్పలేదే? బెల్టులు చాలా, గొలుసులే కావాలా?

ట్రైలర్ తోలే పెద్దాయన
ట్రాక్టరుకి నేను గొలుసులే వాడతా. ముందు రెండు, వెనక రెండు. ముందువి ముందుకి, వెనకవి వెనక్కి లాగేలా. ఛాసిస్‌కో ఇరుసుకో కట్టాలి, రోటవేటరుకి కాదు. ప్రతి గొలుసు, ప్రతి బిగింపు మీద అది మోయగల బరువు రాసి ఉంటుంది, దానికి మించి నమ్మొద్దు. రాత లేనిది వాడను. బకెట్టు, రోటవేటరు డెక్ మీదకి దించి, వాటికి విడిగా ఒక్కో కట్టు. హైడ్రాలిక్ మీద వేలాడదీసినవి దారిలో దిగుతాయి, అప్పుడు కట్లు వదులవుతాయి. టైర్లు కుదుపులకి నలుగుతాయి కాబట్టి బయల్దేరిన పావుగంటకి ఒకసారి ఆగి బిగించు.

అడిగినవారు
వాడినది ఒకటి దొరికేలా ఉంది. చూసేటప్పుడు ఏమేం గమనించాలి?

వెల్డింగ్ షెడ్డు నడిపే వ్యక్తి
మొదట కీలు. పిన్ను తిరిగే రంధ్రం గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా సాగిపోయిందా చూడండి. చుట్టూ వెల్డింగు దగ్గర సన్నని తుప్పు గీత కనిపిస్తే లోపల పగులు ఉన్నట్టే. ట్రైలర్ అంతా పాత రంగు, కీలు దగ్గర మాత్రం కొత్త రంగు ఉంటే అమ్మేవాడు ఎంత మంచివాడైనా వెనక్కి వచ్చేయండి. గడియ వేసి డెక్‌ని ఊపండి, టకటకమంటే అరిగింది. చెక్కని స్క్రూడ్రైవరుతో పొడవండి. సిలిండరు రాడ్డు మీద గుంటలున్నా, నూనె చెమ్మ ఉన్నా సీళ్లు పోయాయని అర్థం. ఇరుసు మధ్యలో కొంచెం పైకి వంపుగా ఉంటే కంగారు పడకండి, చాలావాటిని అలాగే చేస్తారు. టైరు ఒక అంచే అరిగితే మాత్రం అనుమానించండి.

టైరు తయారీ తేదీ దాని పక్క గోడ మీదే ఉంటుంది. చివరి నాలుగు అంకెలు 1421 అంటే 2021లో 14వ వారం. ఆరేళ్లు దాటితే టైరు మీది గాడులు ఎంత బాగున్నా నేను మార్పించేస్తా. ట్రైలర్ టైర్లు అరిగి పోవడం తక్కువ, ఎండకి ఎండి పగిలిపోవడం ఎక్కువ.

బ్రేకులు రెండు ఇరుసులకీ ఉండాలి. కరెంటు బ్రేకులైతే పికప్‌లో కంట్రోలరు పెట్టించుకోవాలి. హిచ్ ఊడితే బ్రేకు పడే తీగ ఒకటి ఉంటుంది, దాని పిన్ను లాగి చక్రాలు పట్టుకుంటున్నాయో లేదో అక్కడే చూడండి. చాలావాటిలో ఆ బ్రేకుకి కరెంటిచ్చే చిన్న బ్యాటరీ ఎప్పుడో చచ్చి ఉంటుంది.

అడిగినవారు
అందరికీ థ్యాంక్స్. సగం వాలేది తీసుకున్నాను. కీలు బాగుంది, నాలుగు టైర్లూ మార్చా, తీగ బ్యాటరీ మీరన్నట్టే చచ్చి ఉంది, కొత్తది వేశా. కల్టివేటరు ఇంట్లోనే వదిలి నిన్న కాటాకి తీసుకెళ్లా. హిచ్ విప్పి ట్రైలర్ మొత్తం తూకం వేస్తే 3,270. హిచ్ తగిలించి ట్రైలర్ చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచితే 2,930. తేడా 340, అదే హిచ్ మీద బరువు కదా అన్నా? మొదటిసారి 390 వచ్చింది, ట్రాక్టరుని జానెడు కన్నా తక్కువే వెనక్కి జరిపితే ఇలా దిగింది. ముందు చక్రాలు ఆగే చోట డెక్ మీద ఎర్ర రంగుతో గీత గీశాను.

ట్రైలర్ తోలే పెద్దాయన
అదే. గీత ఒక్కటే కాదు, అక్కడ అడ్డంగా ఒక ఇనుప కోణం వెల్డింగ్ చేయించు, చీకట్లో గీత కనపడదు. టైర్లు మార్చావు కదా, 80 కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లు మళ్లీ బిగించు.