లేస్టర్ సంతకం పైరంగు కింద ఉంటే ఎలా పట్టుకోవాలి?

డచ్ చిత్రకారిణి జూడిత్ లేస్టర్ 1633లో హార్లెమ్ ఊరి చిత్రకారుల సంఘంలో చేరింది. అయినా ఆమె బొమ్మలు కొన్ని అదే ఊరి చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ పేరు మీదే చలామణీ అయ్యాయి, 1893లో ఒకదాని మీద ఆమె సంతకం, అంటే జె, ఎల్ అక్షరాలు, నక్షత్రం గుర్తు బయటపడేదాకా.

అలాంటి గుర్తుల గురించే నా ప్రశ్న. అతినీలలోహిత కాంతిలో పాత వార్నిష్ పచ్చగా మెరుస్తుంది, దానిపై తర్వాత వేసిన రంగు నల్లమచ్చలా కనిపిస్తుంది. ఆ మచ్చ అడుగున ఏముందో మాత్రం తెలియదు. పరారుణ ఫొటోలో బొగ్గునలుపు తేలుతుంది గానీ మట్టిరంగు సంతకం దాదాపు మాయమే. సంతకం రంగు పాత పగుళ్లలోకి దిగి ఉంటే తర్వాత ఎవరో చేర్చిందే, అంతవరకూ సరే.

ఇక మిగిలింది ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ మ్యాపింగ్, అంటే బొమ్మ మీద ఏ మూలకం ఎక్కడుందో ఎక్స్‌రేలతో పటం తీయడం. అంబర్‌తో (ఇనుము, మాంగనీస్ ఉండే గోధుమ మట్టిరంగు) చేసిన సంతకానికి ఇనుము, మాంగనీస్ పటాలు సరిపోతాయా? నేపథ్యంలోనూ అంబరే ఉంటే (ఆ కాలపు బొమ్మల్లో మామూలే) వేరు చేసేదెలా? చేసి చూసినవాళ్లుంటే చెప్పండి.