మనవాళ్ళ తప్పును ముందు మనమే ఖండించాలా?

పాత పోలింగ్ ఏజెంట్:

మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. పంచాయతీ ఎన్నికలకు పార్టీ గుర్తులు ఉండవు. అయినా ఏ అభ్యర్థి వెనక ఏ పార్టీ ఉందో మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అలాంటి ఒక ఎన్నికలో నేను మా వైపు ఏజెంటుగా పొద్దున్నుంచి బూత్‌లో కూర్చున్నాను. ఆ రాత్రికే లెక్కింపు అయిపోయింది. మేం గెలిచాం.

డీజే పెట్టి ఊరేగింపు తీశారు. అది ఓడిపోయినాయన ఇంటి ముందు అరగంట ఆగింది. మావాడొకడు మైకు తీసుకుని ఆయన భార్య గురించి అనకూడని మాటలన్నాడు. ఇంకొకడు వెలిగించిన టపాసుల దండను గోడ మీంచి విసిరితే దొడ్లో గడ్డివాము అంటుకుంది. ఆ ఇంటి పెద్దావిడను నేను చిన్నప్పటి నుంచి పిన్నీ అని పిలుస్తాను. ఆవిడ బిందెతో నీళ్ళు తెచ్చి పోస్తుంటే నేను జనం వెనక నిలబడి చూశాను.

మర్నాడు టీకొట్టు దగ్గర ఒకాయన "ఇదేం పనయ్యా" అన్నాడు. దానికి నా జవాబు ఇది: "పోయినసారి వాళ్ళు గెలిచినప్పుడు మా మీద పడ్డారుగా, అప్పుడు ఎవరికీ నోరు లేవలేదే?" అందులో అబద్ధం లేదు, నిజంగానే పడ్డారు. కానీ పడినవాళ్ళలో పిన్ని లేదు, ఆవిడ కోడలు, అంటే ఓడిపోయినాయన భార్య, లేదు.

ఇన్నేళ్ళుగా ఆ జవాబు నన్ను వదలడం లేదు. మన పక్షంవాడు తప్పు చేస్తే అందరికంటే ముందు నోరు విప్పాల్సింది మనమేనని ఇప్పుడు నమ్ముతున్నాను. ఎదుటి పార్టీవాళ్ళు ఎంత అరిచినా వాడి చెవికి అది పోటీవాళ్ళ గోలే. మనం అంటే తగులుతుంది. మీరేమంటారు?

సూటిమాట:

అన్నా, మీ బాధ అర్థమైంది. అయినా ఒప్పుకోను. మన తప్పు మనం ఒప్పుకుంటే ఎదుటివాళ్ళు ఆ క్లిప్ కట్ చేసి ఐదేళ్ళు తిప్పుతారు. వాళ్ళు మాత్రం తమవాళ్ళను ఒక్క మాట అనరు. 2021 అక్టోబరు 19న మంగళగిరిలో టీడీపీ కేంద్ర కార్యాలయం మీద దాడి జరిగింది. ఆ పార్టీ నాయకుడొకరు ముఖ్యమంత్రిని తిట్టారని ఆ కోపం. దాడి తప్పని గట్టిగా చెప్పాల్సిన ముఖ్యమంత్రి జగన్‌గారే తనను అభిమానించేవాళ్ళకు బీపీ పెరిగిందన్నారు. ఇటు టీడీపీ వాళ్ళను అడిగితే దాడి గురించి గంట మాట్లాడతారు, ఆ తిట్టు దగ్గరికి వచ్చేసరికి మాట మారుస్తారు. ఎవరి తప్పు వాళ్ళు దాచుకుంటున్న చోట ఒక్కరే కత్తి దించితే తెగేది ఆ ఒక్కరి మెడే.

హన్మకొండ టీచరమ్మ:

నేను తెలంగాణలో ఉంటాను, ఆ రెండు పార్టీల్లో దేనికీ ఓటు వేసే పని లేదు. కానీ మైకు సంగతి చదివాక ఊరుకోలేకపోయాను.

2021 నవంబరు 19న చంద్రబాబుగారు తన భార్యను అవమానించారంటూ అసెంబ్లీ నుంచి వెళ్ళిపోయి, ప్రెస్‌మీట్‌లో వెక్కి వెక్కి ఏడ్చారు. సభలో ఆమె ప్రస్తావనే రాలేదని వైసీపీ వాదించింది. కొద్దిరోజులకు, అప్పుడు వైసీపీ వైపున్న వల్లభనేని వంశీగారు భువనేశ్వరిగారి గురించి తాను అన్న మాటలకు టీవీలో క్షమాపణ చెప్పారు. 2024 అక్టోబరులో మా మంత్రి కొండా సురేఖగారు కేటీఆర్‌ను తిట్టబోయి సమంత విడాకులను లాగారు. మర్నాడు సమంత గురించి అన్నంతవరకు వెనక్కి తీసుకున్నారు. అంతటితో వదిలేయండని పీసీసీ అధ్యక్షుడు అన్నారు. ఈ రెండు గొడవల్లో ఆ ఆడవాళ్ళు ఎవరి మీదా పోటీ చేయలేదు. మగవాళ్ళ తగాదాలో రాయి కావాల్సి వచ్చి వాళ్ళ పేర్లు తీసుకుని విసిరారు.

ఇక 2025 ఏప్రిల్. టీడీపీ సోషల్ మీడియా కార్యకర్త ఒకడు జగన్‌గారి భార్య భారతిగారి మీద నీచంగా మాట్లాడాడు. ఆ పార్టీయే వాడిని సస్పెండ్ చేసింది, వాళ్ళ ప్రభుత్వంలోని పోలీసులే అరెస్టు చేశారు. వైసీపీ అభిమానులైన మా బంధువులు అది నాటకమన్నారు. నాటకమే అనుకుందాం. మర్నాడు ఇంకో కుర్రాడు ఫోను ముందు కూర్చుని అలాంటి మాట అనబోయే ముందు ఒక్క క్షణం ఆగుతాడా, లేదా? నాకు అది చాలు. సూటిమాటగారూ, మీరు కత్తి, మెడ అంటున్నారు. ఆ ఊళ్ళో మెడ తెగింది ఆ కోడలిది. ఆమె చేతిలో ఏ కత్తీ లేదు.

సూటిమాట:

అమ్మా, ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ ఒకటి అడుగుతాను. భారతిగారి విషయంలో అంత వేగంగా కదిలిన పార్టీ, వైసీపీలోని మిగతా ఆడవాళ్ళ మీద రోజూ పడే బూతుల గురించి అంతే వేగంగా కదులుతోందా? పెద్దింటి పేరు కాబట్టి కదిలారేమో. మామూలు కార్యకర్త చెల్లెల్ని తిడితే ఎవరూ సస్పెండ్ అవ్వరు.

పాత పోలింగ్ ఏజెంట్:

తమ్ముడూ, అందుకే నేను పార్టీ గురించి అడగలేదు, నా గురించి అడిగాను. మా ఊరి కోడలి కోసం ఏ పార్టీ ఆఫీసూ ప్రెస్‌నోట్ ఇవ్వదు. అక్కడున్నది నేనే.

కోర్టు మెట్లు:

రెండు విషయాలు చెబుతాను, వృత్తి రీత్యా తెలిసినవి.

ఒకటి, మామూలు అభిమాని మౌనం వేరు, ఎమ్మెల్యే, ఎంపీల మౌనం వేరు. 1985 నుంచి రాజ్యాంగంలో పదో షెడ్యూలు ఉంది, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం. విప్, అంటే సభలో ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం, ధిక్కరిస్తే పదవి పోతుందని అందరికీ తెలుసు. రాజీనామా చేయకపోయినా, ప్రవర్తనను బట్టి పార్టీని వదులుకున్నట్టు లెక్క కట్టవచ్చని సుప్రీంకోర్టు 1994లో చెప్పింది. సొంత పార్టీని ఒక్క మాట అన్నంత మాత్రాన పదవి పోదు. కానీ ఆ భయం నాయకుల గొంతు మీద ఎప్పుడూ ఉంటుంది. అప్పటి నరసాపురం వైసీపీ ఎంపీ రఘురామకృష్ణరాజుగారిని చూడండి. 2020 నుంచి సొంత ప్రభుత్వాన్నే విమర్శించారు. అనర్హుడిగా ప్రకటించమని పార్టీ స్పీకర్‌ను కోరింది. 2021 మేలో సీఐడీ రాజద్రోహం కేసు పెట్టి అరెస్టు చేసింది, వారానికి సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. చివరికి ఆయన 2024లో టీడీపీ టికెట్ మీద ఉండిలో గెలిచారు. ఆయన మాటల్లో ఎంత నిజాయితీ, ఎంత లెక్క అన్నది పక్కన పెట్టండి. సొంత పార్టీని ప్రశ్నిస్తే ఉండేందుకు చోటు మిగలదు, అవతలి గుమ్మమే దిక్కు. దాంతో ప్రశ్నించిన ప్రతివాడూ ముందే అమ్ముడుపోయాడని జనం నమ్ముతారు.

రెండోది, తొందరపాటు. 2024 సెప్టెంబరులో సత్యవేడు ఎమ్మెల్యే మీద లైంగిక వేధింపుల ఆరోపణ రాగానే టీడీపీ సస్పెండ్ చేసింది. ఆ నెలలోనే హైకోర్టు కేసు కొట్టేసింది. మనవాడిని ఖండిస్తే మంచిపేరు వస్తుందని విచారణ లేకుండా బలిపెట్టడం కూడా అన్యాయమే. ఏజెంటుగారి సంగతి వేరు. ఆయన కళ్ళారా చూశారు. చూసినవాడికి విచారణ దాకా ఆగే సాకు లేదు.

లెక్కల మేష్టారు:

అవతలి గుమ్మం తొక్కకుండా అడిగినవాళ్ళూ ఉన్నారండీ. 1957 డిసెంబరులో ఎల్‌ఐసీ డబ్బు కోటి రూపాయలకు పైగా ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లలో పెట్టిన సంగతి లోక్‌సభలో లేవదీసింది ప్రతిపక్షం కాదు. రాయ్‌బరేలీ కాంగ్రెస్ ఎంపీ, ప్రధాని నెహ్రూకు స్వయానా అల్లుడు ఫిరోజ్ గాంధీ. చాగ్లా కమిషన్ వేశారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఫిరోజ్ చివరిదాకా కాంగ్రెస్‌లోనే ఉన్నారు. ఆ గొడవతో కాంగ్రెస్ కూలిపోలేదు కూడా, 1962లో మళ్ళీ గెలిచింది. ఒప్పుకుంటే మెడ తెగుతుందన్న లెక్క ప్రతిసారీ సరిపోదు, సూటిమాటా.

న్యూజెర్సీ నుంచి:

ఇక్కడ కూడా అంతే. ఒకే కాలేజీలో చదివి, ఒకే రూములో అద్దెకున్న స్నేహితులం, ఇప్పుడు పిల్లల పుట్టినరోజులకు పిలుచుకోవడం మానేశాం. మొదలైంది వాట్సాప్ గ్రూపులో ఒక మార్ఫింగ్ ఫొటోతో. పెట్టినవాడు మా పక్షంవాడు. నేను నవ్వే బొమ్మ ఒకటి పెట్టాను. ఆ ఒక్క బొమ్మకు ఒక స్నేహితుడు దూరమయ్యాడు. తప్పు చేసినవాడిని నేను కాకపోవచ్చు, కానీ వాడికి చప్పట్లు కొట్టింది నేనే.

సూటిమాట:

మేష్టారూ, అప్పటి పార్లమెంటు వేరు, ఇప్పటి ఫోన్లు వేరు. అప్పుడు క్లిప్పులు లేవు. అయినా నా మాట కొంచెం సవరించుకుంటాను. బహిరంగంగా ఖండించడం గురించి నాకు ఇప్పటికీ అనుమానమే. కానీ మనలో మనం, మన గ్రూపుల్లో, వాడి మొహం మీద చెప్పడానికి ఎదుటివాడి భయం అడ్డు రాదు కదా. కనీసం అది చేయకపోవడానికి నా దగ్గర కారణం లేదు.

హన్మకొండ టీచరమ్మ:

మైకులో అన్నమాటకు చెవిలో క్షమాపణ సరిపోతుందా తమ్ముడూ? ఊరంతా విన్నది. వెనక్కి తీసుకున్న సంగతి కూడా ఊరికి వినపడాలి.

పాత పోలింగ్ ఏజెంట్:

ఈ మాటలన్నీ చదివాక నిన్న సాయంత్రం పిన్ని ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చోమంది, మజ్జిగ ఇచ్చింది. ఆ రాత్రి నేను అక్కడే ఉన్నానని, ఆపలేదని, మర్నాడు టీకొట్టు దగ్గర అన్నమాట కూడా చెప్పాను. కోడలు లోపలి గదిలోంచి బయటికి రాలేదు. రమ్మని అడిగే ముఖం నాకు లేదు.

పిన్ని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది: "నువ్వు నాకు చెప్పావు, సరే. మైకు పట్టుకున్నవాడికి చెప్పావా?"

చెప్పలేదు. వాడు మా మేనమామ కొడుకు. ఇప్పుడు వార్డు మెంబరు, వచ్చేసారి సర్పంచ్‌గా నిలబడతానంటున్నాడు. బూత్‌లో కూర్చోమని నన్నే అడిగాడు. ఆదివారం రచ్చబండ దగ్గర మా వాళ్ళందరినీ రమ్మన్నాడు. వెళ్తున్నాను. ఆ కోడలికి అందరి ముందూ క్షమాపణ చెబితేనే నీ ఏజెంటుగా కూర్చుంటానని అక్కడే, అందరూ వినేలా అంటాను.