యూనివర్సిటీ ఉపన్యాసాలకు బయటివాళ్లని రానిస్తారా?

మాది పర్లాకిమిడి అండీ. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు. మా నాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు, పెద్దవాళ్ల ఉపన్యాసమంటే చెవి కోసుకుంటారు. పోయినేడాది ఒక యూనివర్సిటీ వార్షిక ఉపన్యాసానికి తెల్లవారుజామున బస్సెక్కించి తీసుకెళ్తే, పాస్ లేదని గేటు దగ్గరే ఆపేశారు. పోస్టర్లో మాత్రం ‘అందరికీ ఆహ్వానం’ అట! ఇస్త్రీ పంచె నలిగిపోతున్నా చెట్టు కింద కూర్చుని మైకులో వినబడినంత విన్నారు పాపం.

ఈసారి బరంపురం యూనివర్సిటీ ఉన్న భంజవిహార్‌కో, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీకో తీసుకెళ్దామని ఉంది. ముందే పేరు రాయించుకోవాలా, ఆధార్ చూపిస్తే చాలా? బరంపురంలో ఒడియాలో మాట్లాడతారా, ఇంగ్లీషులోనా? ఒడియా అయితే నాన్నకి ఇబ్బంది లేదు, ఇంగ్లీషు గబగబా మాట్లాడితేనే అందదు. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి. ముందు వరస అక్కర్లేదు, ఫ్యాన్ కింద ఓ కుర్చీ దొరికితే చాలు.