శనక్కాయలో కే-6 రకం వదిలి కదిరి లేపాక్షికి మారొచ్చా? విత్తనం సంగతి ఎట్ల?

కళ్యాణదుర్గం రైతు:
అన్నలకు నమస్కారం. ఐదెకరాల ఎర్ర నేల, జానెడు లోతు దాటితే గరుసే. నాలుగెకరాలు వానాధారం, ఎకరాకు బోరు ఉంది. ఏటా కే-6 వేస్తున్నాము. కదిరి లేపాక్షి (కే-1812) బెట్టకు నిలుస్తుంది, కాయలు ఎక్కువ పడతాయి అంటున్నారు. వ్యాపారులు ధర తగ్గిస్తారని కూడా అంటున్నారు. ఐదెకరాలూ మార్చేయొచ్చా? విత్తనం ఏటా కొనాల్సిందేనా?

ఎర్రనేల సేద్యం:
ఐదెకరాలూ ఒకేసారి మార్చొద్దన్నా. రకం చూసేముందు మీ వాన చూడండి. కే-6కు 100-105 రోజులు చాలు. లేపాక్షికి అంతకన్నా పది రోజులు పైనే పడుతుంది. జూలై మొదటి పదునులో విత్తనం పడితే ఆ పది రోజులతో ఇబ్బంది లేదు. ఆగస్టులోకి జారితే మాత్రం కాయ ఊరే వేళకు వానలు ఆగిపోతాయి, పప్పు ముడుచుకుంటుంది. ఆలస్యమైన ఏడు కే-6 వేయడమే మేలు.

లేపాక్షి ఆకు కోత దాకా పచ్చగా ఉంటుంది, కట్టె (మేతకు పనికొచ్చే ఎండు చెట్టు) బాగా వస్తుంది, గొడ్లున్నవాళ్లకు అది పెద్ద లాభం. కే-6కు తిక్క ఆకుమచ్చ తెగులు త్వరగా తగులుతుంది. మచ్చ కనపడగానే లీటరు నీళ్లకు హెక్సాకొనజోల్ 2 మి.లీ. చొప్పున ఎకరాకు 200 లీటర్లు పిచికారీ చేయకపోతే కోతకు ముందే ఆకు రాలిపోతుంది.

ధర మాట నిజమే, వ్యాపారి ఔటు (కాయ ఒలిస్తే వచ్చే పప్పు శాతం) చూసే రేటు కడతాడు. మీరే కిలో ఎండుకాయ ఒలిచి పప్పు తూచండి. కే-6కు 70 శాతం, కొత్త రకానికి 65 శాతం వచ్చిందనుకోండి, కే-6 పది క్వింటాళ్లు ఇచ్చే చోట కొత్త రకం పదకొండు క్వింటాళ్ల దగ్గరికి వస్తేనే పప్పులో సమానం. మూటల లెక్క చూసి మోసపోవద్దు.

విత్తనకాయ:
శనక్కాయలో కొత్త రకం ఊళ్లోకి రావడానికి ఏళ్లు పట్టేది విత్తనం చాలకనే. టీఎంవీ-2 1940లో వచ్చిన రకం, 2005లో కే-6 వచ్చేదాకా మన జిల్లాలో ఎక్కువ పొలాలు దానివే. వరి అయితే గింజకు వందలు వస్తాయి. శనక్కాయ వేసినదానికి ఎనిమిది, పది రెట్లే. అందుకే కంపెనీలు కూడా దీని జోలికి పెద్దగా రావు. మీకు బోరు ఉంది కాబట్టి విత్తనం మీరే పెంచుకోండి.

రైతు సేవా కేంద్రంలో 30 కిలోల మూట ఒకటి తీసుకుంటే పప్పు 20 కిలోలు, తాలు, పగిలినవి ఏరితే 18 కిలోలు మిగులుతాయి. ఎకరాకు 60 కిలోల లెక్కన 30 సెంట్లకు సరి. నవంబరులో బోరు కింద వేయండి, పంట బాగుంటే మూడు క్వింటాళ్ల కాయ వస్తుంది. ఒలిస్తే జూలైలో మూడెకరాలకు విత్తనం. ఇది తన పూతలోనే పరాగం జరుపుకునే పంట, రకం చెడదు. కల్తీ మొక్కలను పూతలోనే పీకేస్తే మూడు నాలుగేళ్లు ఆ విత్తనమే వాడుకోవచ్చు.

ఆ 30 సెంట్లకు జిప్సం తప్పనిసరి, ఎకరాకు 200 కిలోల లెక్కన 60 కిలోలు. ఊడలు (పూత నుంచి భూమిలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే వేళ మొక్క పక్కన వేసి మట్టి కప్పాలి. కాయ జిప్సంలోని సున్నాన్ని (కాల్షియం) వేరుతో కాదు, తన పొట్టుతోనే నేరుగా పీల్చుకుంటుంది. అది అందకపోతే లొట్ట కాయలే. ఆ తరువాత గుంటక తోలొద్దు, ఊడలు తెగుతాయి.

కళ్యాణదుర్గం రైతు:
చాలా ఉపయోగపడింది అన్నా. ఏప్రిల్‌లో పీకిన కాయ జూలైకి మొలక తగ్గుతుందంటారు, అది నిజమేనా? పప్పు మోతాదు రెండు రకాలకూ ఒకటేనా?

విత్తనకాయ:
తగ్గేది ఎండబెట్టడంలోని తప్పుతోనే. ఏప్రిల్ ఎండకు కాలిన బండ మీద, సిమెంటు కళ్లంలో పరిస్తే పప్పు లోపలే చచ్చిపోతుంది. పీకిన చెట్లను చిన్న కుప్పలుగా, ఆకులు కాయలను కప్పేటట్టు పెట్టి గాలికి ఆరనివ్వండి. తేమ 9 శాతానికి దిగాలి. కాయ చెవి దగ్గర ఊపితే గలగలమనాలి, పప్పు నలిపితే పొర ఊడాలి. కాయగానే గోనెసంచుల్లో, చెక్కల మీద పెట్టండి. ఒలవడం విత్తే వారం ముందే, అదీ చేత్తో. మిషన్‌లో ఒలిస్తే పొర చిట్లిన పప్పు భూమిలో కుళ్లుతుంది.

మోతాదు ఒకటే కాదు. 30×10 సెం.మీ. దూరానికి ఎకరాలో లక్షా 33 వేల మొక్కలు. వంద పప్పులు తూచండి, 40 గ్రాములుంటే 53 కిలోలు, 35 ఉంటే 47 కిలోలు. తడి గోనెలో వంద గింజలు చుట్టి మొలక చూడండి, 85 వస్తే ఆ కిలోల అంకెను 0.85తో భాగించాలి. 70 కన్నా తక్కువ మొలిస్తే విత్తనంగా వాడొద్దు.

ఎర్రనేల సేద్యం:
విత్తనశుద్ధి కూడా రాసి పెడతాను. కిలో పప్పుకు ఇమిడాక్లోప్రిడ్ 2 మి.లీ. పట్టించి, ఆరాక టెబుకొనజోల్ పొడి 1 గ్రాము కలపండి. నీళ్లు ఎక్కువైతే పొర ఊడి పప్పు రెండు బద్దలవుతుంది. పొలం చుట్టూ నాలుగు వరుసలు జొన్న వేసి, గట్ల మీది వయ్యారిభామ కలుపును పూతకు రాకముందే పీకేయండి. 2000లో అనంతపురాన్ని ముంచిన కాండం కుళ్లు వైరస్ దాని పుప్పొడితో, తామర పురుగులతోనే వస్తుంది. ఏ రకం వేసినా ఇది తప్పదు.