పాత ఫైబర్ పడవ: డెక్ ఎక్కడ కారుతోందో దొరకడం లేదు

పాత తెరచాప (ప్రశ్న):

హుస్సేన్ సాగర్ ఒడ్డున నాకొక 18 అడుగుల తెరచాప పడవ ఉంది. ఫైబర్ గ్లాసుది, వయసులో మా అబ్బాయి కంటే పెద్దది. ముందు భాగంలో ఇద్దరు వంగి కూర్చునేంత చిన్న గది ఉంది. జూన్‌లో వానలు మొదలైనప్పటి నుంచి ఆ గదిలో ఎడమవైపు పరుపు తడుస్తోంది. తెరచాప కట్టే స్తంభాన్ని, అదే మాస్టును, పక్క నుంచి లాగి పట్టే తీగ కోసం, గదికి పైకప్పులా ఉండే డెక్‌లోంచి ఒక ఉక్కు పట్టీ వస్తుంది కదా, సరిగ్గా దాని కిందే చుక్క పడుతోంది. పట్టీ చుట్టూ సిలికాన్ పూశాను. తగ్గలేదు. ఇంకో ట్యూబు పూశాను. పేరుకున్న ఆ తెల్లటి ముద్దకు క్లబ్బు పిల్లలు ‘ఇడ్లీ’ అని పేరు పెట్టారు. నిన్నటి వానకు అర బకెట్టు నీళ్లు తోడాను.

ఇంకో సంగతి. ఎడమ పక్క డెక్ మీద నడుస్తుంటే ఒకచోట అడుగు కొద్దిగా దిగుతున్నట్టు ఉంది. డెక్ మొత్తానికి మంచి రంగు కొట్టిస్తే సరిపోతుందా?

గాలివాటం:

రంగు ఎందుకండీ? మెత్తబడిన చోట సన్నటి రంధ్రాలు వేసి సిరంజితో ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) ఎక్కించండి. గంట పని.

రెసిన్ చేతులు:

రంగు వద్దు, సిరంజి అసలే వద్దు. తడిసిన చెక్కకు ఎపాక్సీ అంటదు. గట్టిపడి, కుళ్లును లోపలే దాచిపెడుతుంది.

నేను బాలానగర్‌లో చాలా ఏళ్లు ఫైబర్ పనే చేశాను. మీ డెక్ బొబ్బట్టు లాంటిది. పైన ఒక ఫైబర్ పొర, కింద ఒక పొర, మధ్యలో పూర్ణంలాగా బాల్సా అనే తేలికపాటి చెక్క. పైపొరలో మర బిగించిన రంధ్రం ఒక్కటి వదులైతే చాలు, నీరు పూర్ణంలోకి దిగుతుంది. ఉప్పునీటి కంటే వాననీరే చెక్కను త్వరగా కుళ్లబెడుతుంది. కాబట్టి మనది సముద్రం కాదని ధీమాగా ఉండకండి.

చుక్క పడే చోటును నమ్మకండి. మేడ మీద పగులు వంటింటి వైపు ఉంటే చెమ్మ పడకగదిలో కనిపించడం హైదరాబాద్‌లో ఎవరికి తెలియదు? ఒక స్క్రూడ్రైవర్ తిరగేసి, దాని పిడితో డెక్‌ను అంగుళం అంగుళం తట్టండి. బాగున్నచోట ఖణేలుమంటుంది, కుళ్లినచోట తడి అట్టపెట్టెను కొట్టినట్టు ఉంటుంది. సుద్దతో గీత గీయండి. తరువాత గది తలుపు, కిటికీల సందులు టేపుతో మూసి, వాక్యూమ్ క్లీనర్ గాలి బయటికి వదిలే గొట్టాన్ని లోపలికి పెట్టండి. డెక్ మీద ప్రతి మర చుట్టూ సబ్బు నురుగు రాయండి. గాలి ఎక్కడ బుడగ కడితే నీరు అక్కడే దిగుతున్నట్టు.

పాత తెరచాప:

సబ్బు అయిపోతే మా ఆవిడ తలంటుకు తీసిన కుంకుడు రసం పట్టుకెళ్లాను. ఉక్కు పట్టీ దగ్గర ఒక్క బుడగ లేదు! దానికి నాలుగు అడుగుల ముందు, చేత్తో పట్టుకునే చెక్క కడ్డీ రెండో మర పక్కన బఠాణీ గింజంత బుడగ లేచింది, నిమ్మకాయంత అయింది, పగిలింది, మళ్లీ లేచింది. ఆ మర విప్పితే టీ డికాక్షన్ లాంటి నీరు, దానితో నల్లటి పీచు వచ్చాయి. నీరు లోపలి పలక మీదుగా జారి పట్టీ దాకా వస్తోందన్నమాట. సుద్ద గీత లోపల రెండు అరచేతులంత మేర డొల్లగా ఉంది.

రెసిన్ చేతులు:

అంతే అయితే అదృష్టవంతులు. పైపొరను ముక్కగా కోసి దాచుకోండి, మళ్లీ పనికొస్తుంది. కుళ్లు మొత్తం తవ్వి, టార్పాలిన్ కట్టి, ఫ్యాను పెట్టి బాగా ఆరనివ్వండి. తొందరపడితే ఈ పనంతా వృథా. కొత్త బాల్సా ఎపాక్సీతో అతికించి, మూత తిరిగి పెట్టండి. అతుకు అంచులను వాలుగా అరగదీయాలి. పైపొర 3 మిల్లీమీటర్లయితే వాలు 36 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ వాలు మీద ఫైబర్ గుడ్డ పొరలు వేయండి. పాలియెస్టర్ రెసిన్ చవకే కానీ పాత పొరను ఎపాక్సీ అంత గట్టిగా పట్టదు. ఈ చెమ్మ గాలిలో ఎపాక్సీ పైన మైనంలాంటి జిడ్డు తేలుతుంది. ముందు నీళ్లతో రుద్ది కడిగి, ఆ తరువాతే సాండ్‌పేపర్ పట్టండి.

మిగతా మరలన్నీ కూడా విప్పండి, తప్పదు. 6 మిల్లీమీటర్ల మరకు 12 బిట్‌తో పైపొరనూ చెక్కనూ తొలవండి, కింది పొర జోలికి పోకండి. పొడి కలిపి చిక్కబరిచిన ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మళ్లీ 6తో తొలవండి. ఇక ఆ రంధ్రం కారినా నీరు చెక్కను తాకదు. బిగించేటప్పుడు సిలికాన్ బదులు బ్యూటైల్ టేపు (బంకలా సాగే రబ్బరు పట్టీ) వాడండి. బోల్టును కదలకుండా పట్టుకొని కింద నట్టు మాత్రమే తిప్పండి. బోల్టు తిరిగితే టేపు పట్టు చెడుతుంది.

గాలివాటం:

సిరంజి మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా పడవలో రెండేళ్ల క్రితం ఎక్కించినదాన్ని రేపు తట్టి చూస్తాను.

పాత తెరచాప:

జూలై పోటీల వారం వరకు పడవ ఒడ్డు మీదే ఉంటుంది. మూత కోశాను, ఆరుతోంది. ఇడ్లీ మాత్రం ఊడి రావడం లేదు. థిన్నర్ పోసినా చలించలేదు.

రెసిన్ చేతులు:

థిన్నర్‌కు లొంగదు. బ్లేడుతో గీకి, ఆ తరువాత అరగదీయండి. సిలికాన్ జిడ్డు రవ్వంత మిగిలినా దాని మీద రంగూ నిలవదు, ఎపాక్సీ కూడా నిలవదు.